అరిస్టాటిల్‌కు భోక్త

వీరభద్రం గారు గ్రీకు తత్వవేత్తలకు తద్దినాలు పెడతారు.

ఈ మాట మొదటిసారి విన్నవాళ్ళు నవ్వుతారు. రెండోసారి విన్నవాళ్ళు ఆయన ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు. మూడోసారి చెప్పే అవసరం రాదు. అప్పటికి వాళ్ళు ఆయన ఇంట్లోనే, ఎవరో ఒక గ్రీకువాడి స్థానంలో కూర్చుని, గారెలు తింటూ ఉంటారు.

ఎడ్మంటన్‌లో ఆయన ఇల్లు మా వీధి చివర. పైపులైన్లకు ఎక్కడ తుప్పు పడుతుందో ముందుగా కనిపెట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "తుప్పు గురించి మరీ ఎక్కువ తెలుసండీ నాకు" అంటారు.

తద్దినాలు మొదలైంది ఒక చలికాలంలో. లైబ్రరీలో ప్లేటో మీద ఉపన్యాసం ఉందంటే, వెచ్చగా ఉంటుందని ఇద్దరం వెళ్ళాం. మాట్లాడినాయన గంటసేపు ప్లేటోను దులిపేశాడు. ప్లేటో కవులకు రాజ్యంలో చోటివ్వనన్నాడు, రాజ్యాన్ని తత్వవేత్తల చేతిలో పెట్టమన్నాడు, కళ్ళెదుట ఉన్న కుర్చీ ఉత్త నీడ, ఎక్కడో కనపడని కుర్చీ ఒకటుంది, అదే నిజం అన్నాడు. అవన్నీ తప్పులేనని మాట్లాడినాయన తేల్చి, ప్రశ్నలున్నాయా అని అడిగాడు. వీరభద్రం గారు లేచారు.

"ప్లేటోకు ఇప్పుడు అన్నం ఎవరు పెడుతున్నారు?" అని ఇంగ్లీషులో అడిగారు.

ఆయన పోయి చాలా కాలమైందని ఉపన్యాసకుడు మర్యాదగా చెప్పాడు.

"అందుకే అడుగుతున్నాను" అన్నారు వీరభద్రం గారు.

కారులో కూర్చున్నాక కూడా ఆయన తేరుకోలేదు. "చూశారా? రెండువేల నాలుగువందల ఏళ్ళుగా తిడుతూనే ఉన్నారు. ఒక్కడైనా ఒక ముద్ద పెట్టాడా?"

"మనకెందుకండీ? వాళ్ళవాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళవాళ్ళేనండీ ఆయన గురువుకు విషం ఇచ్చింది."

హీటర్ పెంచాను.

పోయిన తిథి తెలియనివాళ్ళకు అమావాస్యనాడు పెట్టవచ్చని పెద్దలు చెప్పారు. గ్రీకువాళ్ళలో ఎవరి తిథీ తెలియదు కాబట్టి అమావాస్యలన్నీ వాళ్ళవే అయ్యాయి. ఎడ్మంటన్ అమావాస్యా, ఏథెన్స్ అమావాస్యా అన్న సందేహం ఒకటి వచ్చింది. "తినేది ఇక్కడ కదా" అని ఆయనే తీర్చేశారు.

పిల్లల డాక్టరుగా రిటైరైన జానకమ్మ గారికి ఈ సంగతి తెలిసి, గుడిలో ఆయన్ని పట్టుకున్నారు.

"పోయినవాళ్ళతో ఆటలా వీరభద్రం గారూ?"

"మంత్రం లేదమ్మా. పిండం లేదు. భోజనం ఒక్కటే. భోజనం ఆట ఎలా అవుతుంది?"

"గోత్రం ఏం చెబుతారు?"

"ఏథెన్స్."

ఆవిడ కోపంగా వెళ్ళిపోయారు. ఆ ఇంటి గడప తొక్కనని నలుగురిలో అన్నారు. తొక్కలేదు కూడా. కానీ ప్రతి అమావాస్య పొద్దున ఆవిడ ఇంటి నుంచి అల్లప్పచ్చడి వచ్చేది. అది లేకుండా పెడితే ఆ ప్లేటో ఏమనుకుంటాడు అని ఆవిడ బాధట.

తద్దినానికి భోక్త కావాలి. పోయినాయన స్థానంలో కూర్చుని తినే మనిషి. ముందురోజే వెళ్ళి పిలవాలి. ఆ మనిషి ఆ పూట ఇంకేమీ తినకుండా రావాలి. ఇవన్నీ పాత నియమాలే. వీరభద్రం గారు ఒకటి కొత్తగా కలిపారు. పాయసానికి ముందు, ఆ తత్వవేత్త మీద లోకం వేసిన నిందలన్నీ భోక్తకు వినిపించాలి. భోక్త ఆయన తరఫున జవాబు చెప్పాలి. లేదా ఒప్పుకోవాలి.

"పోయినవాళ్ళను పొగడాలి కదండీ, తిట్టడమేమిటి?" అన్నాను.

"ఎక్కడ తుప్పు పట్టిందో చెప్పకపోతే ఇంజనీరెందుకండీ? నిందలు చదివే పని మీది. మీ గొంతు దానికి సరిపోతుంది."

వంట మాత్రం ఆయనది కాదు. టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో ఉండే ఆయన అక్కయ్య సూర్యకుమారి గారిది. ఆవిడ స్పీకర్ ఫోన్లో ఉండేవారు, ఈయన స్టవ్ దగ్గర ఉండేవారు.

"ఒరేయ్, నూనె కాగిందా?"

"కాగింది."

"నాకు చప్పుడు వినపడలేదు. అబద్ధాలాడకు. ఫోను దగ్గరగా పెట్టు."

ఈయన ఫోనును మూకుడు దగ్గరగా పెట్టేవారు. ఆవిడ కాసేపు విని, "ఇప్పుడు వెయ్యి" అనేవారు. "మన నాన్న తద్దినం నేను ఫోన్ చేస్తే గానీ గుర్తుండదు నీకు. ఆ అనామకుడెవడికో గారెలు" అని చివర్న చేర్చేవారు. ప్లేటోను అనామకుడనగా నేను విన్నది ఆవిడొక్కరి నోటే.

పైథాగరస్ నెల పెద్ద చిక్కు వచ్చింది. ఆయన శిష్యులకు చిక్కుడుగింజలు నిషేధం. వీరభద్రం గారు విచారించగా మినుములు కూడా ఆ కుటుంబమేనని తేలింది. కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు అన్నీ అంతే.

"గారె లేని తద్దినం ఏమిట్రా?" అంది ఫోను.

"ఆయన తినడక్కా."

"ఎందుకు తినడు? షుగరా?"

"చెప్పలేదు. అడిగితే శిష్యులు, 'ఆయనే చెప్పాడు' అనేవాళ్ళట. అంతే."

"మన నాన్న కూడా అంతేగా. మరి ఆయన్నెవరూ ఫిలాసఫర్ అనలేదేం?"

ఆ నెల భోక్త దీపక్. కాలేజీలో చదువుతూ, మిగతా టైములో ఒక ఆఫీసు బిల్డింగుకు కాపలా కాసే కుర్రాడు. పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉండి, వచ్చి కూర్చుని, పప్పు లేని అన్నం, పప్పు లేని పులుసు, పప్పు లేని కూర తిన్నాడు. నేను నింద చదివాను. "ఎవరో కుక్కపిల్లను కొడుతుంటే ఆపమన్నావు. దాని అరుపులో పోయిన స్నేహితుడి గొంతు వినపడిందన్నావు. నీ కాలంలోనే నిన్ను ఎగతాళి చేశారు. ఏం జవాబు?"

దీపక్ విస్తరి వైపు చూశాడు. "అంకుల్, కుక్క సంగతి పక్కన పెట్టండి. అది ఓకే. ఈయన్ని జనం తిట్టింది పప్పు గురించే అయ్యుంటుంది."

డయోజెనిస్ నెల భోజనం గరాజులో జరిగింది. ఇల్లూ వాకిలీ వద్దని మట్టి జాడీలో బతికినవాడు లోపలికి రాడని వీరభద్రం గారి వాదం. బయట మైనస్ ఇరవై ఐదు. భోక్త నర్సింహ, ఆయిల్ కంపెనీ క్యాంపుల్లో పనిచేసిన మనిషి. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, కింద కూర్చుని తిన్నాడు. చక్రవర్తి ఎదురుగా నిలబడి ఏం కావాలో కోరుకోమంటే, ఎండకు అడ్డం తప్పుకోమన్నావట, అంత పొగరా అని నేను నిలదీశాను.

"ఎండ ఏది సార్ ఇక్కడ?" అన్నాడు నర్సింహ. నాలుగున్నరకే చీకటి పడే రోజులు. అందరం నవ్వాం.

"కుక్కలా బతుకుతున్నావని ఊరంతా నిన్ను అసహ్యించుకుంది. దీనికేమంటావు?"

నర్సింహ గారె తుంచడం ఆపాడు. "జాడీల ఉన్నడని అందరు తిట్టిన్రు గదా సార్. లోపలికి రమ్మని ఎవరన్న పిలిచిన్రా?"

వీరభద్రం గారు వంగి ఇంకో గారె వేశారు.

ఈ ఊళ్ళో చలికాలం ఒక మనిషిని ఏం చేస్తుందో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. పెద్దగా ఏమీ చేయదు. తలుపు మూయిస్తుంది. ఇళ్ళ మధ్య మంచు, ఇళ్ళలో దీపాలు. ఎదురింటి దీపం వెలిగితే ఆ మనిషి ఉన్నట్టు, ఆరితే పడుకున్నట్టు. అంతకుమించి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. భోజనానికి రమ్మని పిలిస్తే తెలుగువాళ్ళందరిదీ ఒకటే జవాబు. "తిన్నానండీ." పొద్దున పిలిచినా, మధ్యాహ్నం పిలిచినా అదే. ఆ మాట అన్నాక ఇంక ఎవరూ ఏమీ చేయలేరు. అది కూడా ఒక తలుపే.

మా ఎదురింటి బేస్‌మెంట్‌లో వాసంతి అనే అమ్మాయి ఉండేది. నెల్లూరులో పళ్ళ డాక్టరు. ఇక్కడ ఆ చదువు చెల్లాలంటే మళ్ళీ పరీక్షలు పాసవ్వాలి. రాతపరీక్ష పాసైంది. చేత్తో చేసి చూపించే పరీక్ష తప్పింది. ఒక డెంటల్ క్లినిక్‌లో వెనకగదిలో పనిముట్లు కడిగే పని చేసేది. మళ్ళీ పరీక్ష ఏప్రిల్‌లో ఉందని, అప్లై చేయడానికి పై వారం శుక్రవారమే ఆఖరని, ఆమె మాత్రం చేయనంటోందని జానకమ్మ గారు నాతో చెప్పారు. "ఫోన్ చేస్తే 'పర్లేదాంటీ' అంటుంది. అంతే. ఆ పిల్ల గొంతు చూశారా, వాడక పాడైనట్టుంది" అన్నారు.

నేను మంచు తోస్తున్నప్పుడు ఆమె కనపడేది. తల ఊపేది. ఉగాదికి పిలిచాం, వినాయక చవితికి పిలిచాం. "తిన్నానండీ."

వీరభద్రం గారికి ఈ విషయం చెప్పాను. ఆయన లేచి క్యాలెండర్ చూశారు. కాసేపటికి, "ఈ అమావాస్య ఆదివారం వచ్చింది. అరిస్టాటిల్‌కు పెడదాం" అన్నారు.

"అరిస్టాటిల్ వచ్చే ఏడాదికని అన్నారుగా?"

"ఆకలికి ఆగలేకపోతున్నాడు."

శనివారం ఇద్దరం వెళ్ళి బేస్‌మెంట్ తలుపు తట్టాం. వాసంతి తలుపు కొంచెమే తీసింది.

"అమ్మా, నేను వీరభద్రాన్ని. వీధి చివరి ఇల్లు. రేపు మధ్యాహ్నం మా ఇంట్లో..."

"తిన్నానండీ" అంది.

"రేపటి సంగతమ్మా."

ఆమె తడబడింది.

"మంచిదే, ఇవాళ తినండి. రేపు మాత్రం పొద్దుట ఏమీ తినకూడదు. నాకొక సాయం కావాలి. భోక్త దొరకలేదు. అరిస్టాటిల్ అని, పోయి రెండువేల మూడువందల ఏళ్ళు దాటింది. అందరూ తిట్టేవాళ్ళే, పెట్టేవాడు లేడు. మీరు రాకపోతే ఆయన పస్తు."

ఆమె నా వైపు చూసింది, ఈయనకు బాగానే ఉందా అన్నట్టు. బాగానే ఉంది, ఇంతే ఉంటుంది అన్నట్టు నేను తల ఊపాను.

"ఆడవాళ్ళు భోక్తగా కూర్చోవచ్చా అంకుల్?"

"ఆయన ఆడవాళ్ళను తక్కువ చేసి రాశాడమ్మా. మీరే కూర్చోవాలి. అదే ఆయనకు శిక్ష."

వెనక్కి నడుస్తుంటే కాళ్ళకింద మంచు కరకరలాడింది. నాకప్పుడు తట్టింది. పొద్దుట తినకూడదన్న నియమం ఉంటే, తిన్నానండీ అనే దారి మూసుకుపోతుంది. భోక్తను పిలిచేవాడు పెట్టేవాడు కాదు, అడుక్కునేవాడు. అన్నం తినిపించుకున్నామన్న చిన్నతనం తినేవాడికి ఉండదు. కిందటేడు డయోజెనిస్ నెలలో నర్సింహకు ఉద్యోగం పోయి, పికప్ ట్రక్కులో పడుకుంటున్నాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ భోజనం నుంచి చలికాలం పోయేదాకా అతను వీరభద్రం గారి కింది గదిలో ఉన్నాడు. ఏమిటిదని ఆయన్ని అడగబోయాను.

"మినుములు నానబోయాలి" అని ఆయన గబగబా నడిచారు.

ఆదివారం వాసంతి వచ్చింది. తల వంచుకుని కూర్చుంది. తల వంచుకుని తింది. ఆ గంటలో ఆమె మా ముఖాలు చూసినట్టు నాకు గుర్తు లేదు. వడ్డించినప్పుడు చాలంటూ చెయ్యి అడ్డం పెట్టేది. ఆ చెయ్యి మీద వేడినీళ్ళకు ఎండిపోయిన చర్మం కనపడేది.

నేను కాగితం తీశాను. "అరిస్టాటిల్! కొందరు పుట్టుకతోనే బానిసలన్నావు."

"అది తప్పే" అంది మెల్లగా. "జవాబు లేదు."

"నీ గురువు ప్లేటో దగ్గర ఇరవై ఏళ్ళు చదివి, ఆయన చెప్పిందే తప్పన్నావు."

ఆమె అన్నం కలుపుతూ ఉండిపోయింది.

"ఏథెన్స్‌లో నీ మీద దైవద్రోహం నేరం మోపితే, నిలబడి వాదించకుండా ఊరు విడిచి వెళ్ళిపోయావు."

ఆమె తినడం ఆపింది. "వెళ్ళిపోతే తప్పా అంకుల్?" అంది.

"ఎవరి అవసరమూ లేకుండా ఒంటరిగా ఉండగలిగేవాడు మృగమైనా అయ్యుండాలి, దేవుడైనా అయ్యుండాలి అని..."

వీరభద్రం గారు గట్టిగా దగ్గారు. బల్ల కింద నా కాలు తొక్కారు. నేను కింది వాక్యానికి దూకాను.

"ఆడవాళ్ళకు మగవాళ్ళకంటే పళ్ళు తక్కువన్నావు."

వాసంతి తలెత్తింది.

"ఏమన్నాడు?"

"పళ్ళు తక్కువ. లోకమంతా నవ్వింది. లెక్కపెట్టడం కూడా రాని పండితుడని."

"లెక్కపెట్టే ఉంటాడు" అంది వాసంతి.

మేమిద్దరం ఆమెను చూశాం.

"ఆ కాలంలో వాళ్ళ ఆడపిల్లలకు ఎన్నేళ్ళకు పెళ్ళి చేసేవాళ్ళు అంకుల్?"

"పద్నాలుగు, పదిహేను" అన్నారు వీరభద్రం గారు. "మగవాళ్ళకు ముప్ఫై దాటేవి."

"మరి? జ్ఞానదంతాలు పదిహేడు దాటితే గానీ రావు. ముప్ఫై ఏళ్ళ మొగుణ్ణీ పదిహేనేళ్ళ పెళ్ళాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి నోళ్ళు తెరవమంటే, తక్కువే కనపడతాయి. దానికి తోడు వరస కాన్పులు. తిండి సరిగ్గా ఉండదు. చిగుళ్ళు వాస్తాయి, ఉన్నవీ కదులుతాయి. ఆయన లెక్క తప్పని నేననను. ఎందుకు తక్కువున్నాయో అడగలేదు. అదీ ఆయన తప్పు." గారె ముక్కతో గాల్లో ఒక దవడ గీసి చూపించింది. "ఇక్కడ, ఇక్కడ. వెనకాల. నోరు బాగా తెరిస్తే గానీ కనపడవు."

ఇంతసేపు మాట్లాడినందుకు తనే ఆశ్చర్యపోయినట్టు ఆగిపోయింది.

"ఎవర్రా ఆ పిల్ల? బాగా చెబుతోంది" అంది వాన్ నుంచి ఫోను.

పాయసం అయింది. తృప్తి అయిందా అని వీరభద్రం గారు అడిగారు. అయిందండీ అని వాసంతి లేచింది. చెయ్యి కడుక్కుంది. కోటు తొడుక్కుంది. బూట్లకోసం వంగింది. ఆమె ముఖం మళ్ళీ తలుపు మూసుకున్నట్టు అయిపోయింది. ఆమె గుమ్మం దాటితే అప్లై చేసే శుక్రవారం కూడా దాటిపోతుందని మా ఇద్దరికీ తెలుసు.

"అబ్బా!" అన్నారు వీరభద్రం గారు. దవడ పట్టుకున్నారు.

"ఏమైందంకుల్?"

"పన్ను. కింద, కుడివైపు. వారం నుంచీ జివ్వుమంటోంది."

"ఎవరికైనా చూపించుకోండి."

"అపాయింట్‌మెంట్ వచ్చే నెలకిచ్చారమ్మా. ఒక్కసారి మీరు..."

"నాకిక్కడ లైసెన్స్ లేదండీ."

"అరిస్టాటిల్‌కు మాత్రం ఉందా? చూడమంటున్నాను, పీకమనట్లేదు."

ఆమె ఒక బూటుతో నిలబడింది. "అద్దం కావాలి. ఊరికే చూస్తే తెలీదు." కాసేపు ఆగింది. "ఇంట్లో ఉంది. తెస్తాను."

తలుపు మూసుకుంది. మేం కూర్చున్నాం. విస్తట్లో కరివేపాకు మిగిలింది. కిటికీలోంచి చూస్తే వీధి తెల్లగా, ఖాళీగా ఉంది. వీరభద్రం గారు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా ఉండడం నేనెరగను. ఆ ఇల్లు ఎంత పెద్దదో, ఆయన అందులో ఒక్కరే ఉంటారని, ఎందుకో అప్పుడే గమనించాను.

"వస్తుందంటారా?" అన్నారు చివరికి.

మెట్లమీద బూట్ల చప్పుడయింది.

ఆమె చేతిలో ఒక డబ్బా ఉంది. పరీక్ష నాడు అంటించిన టేపు ఇంకా దానిమీద అలాగే ఉంది. గోటితో గీకి, చించి, తెరిచింది. గ్లవ్స్ వేసుకుంది. ఈయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. చిన్న అద్దం చేతిలోకి తీసుకోగానే ఆమె వీపు నిటారుగా అయింది.

"ఎవరికి పన్ను నొప్పి?" అంది ఫోను. అది ఇంకా కట్ కాలేదని మేం మరిచిపోయాం.

"అంకుల్‌కండీ. కింద కుడివైపు."

"వీరభద్రానికా? వాడికి కింద పళ్ళెక్కడివే తల్లీ! మొత్తం కట్టుడు వరస. కిందటేడు మా ఇంట్లో గ్లాసులో పెట్టి మరిచిపోతే నేనే కొరియర్ చేశాను."

వంటింట్లో ఫ్రిజ్ చప్పుడు వినపడింది. వీరభద్రం గారు కిటికీలోంచి చాలా శ్రద్ధగా మంచును చూస్తున్నారు.

వాసంతి ఆయన్ని చూసింది. నన్ను చూసింది. తర్వాత నవ్వింది. ముందు కొంచెంగా, తర్వాత బల్ల పట్టుకుని. ఏం జరిగింది, ఏం జరిగింది అని ఫోను అరుస్తూనే ఉంది.

"నొప్పి లేదమ్మా. తగ్గిపోయింది" అన్నారు వీరభద్రం గారు.

"తెలుసు. ఆ సెట్టు తీసి పక్కన పెట్టండి. చిగుళ్ళు చూస్తాను."

"ఎందుకమ్మా శ్రమ..."

"తెరవండంకుల్. ఏప్రిల్‌కి నాకు చెయ్యి తిరగాలి."

వీరభద్రం గారు నోరు తెరిచారు. నాకు తెలిసి, వాదించడానికి కాకుండా ఆయన నోరు తెరవడం అదే మొదటిసారి.